మొహిద్దీన్ చేతి కణాలు

బెంగుళూరు,
12 జులై 2003

ఏవండీ,

సలాం. క్షేమంగా చేరాను. హాస్టల్లో మూడో అంతస్తులో గది ఇచ్చారు. జులైలో కూడా ఇక్కడ చలే. వద్దంటున్నా మీరు పెట్టెలో కుక్కిన శాలువా ఇప్పుడు నా భుజాల మీదే ఉంది.

ఆదివారం ఫోనులో ఏమీ మాట్లాడలేకపోయాను. బూత్ బయట వరసలో నిలబడ్డవాళ్ళు వాచీలు చూసుకుంటుంటే నాకు మాట రాదు. అటు మీరైనా పక్కింటి రాజకుమారిగారి హాల్లో నిలబడి "ఆఁ, ఆఁ" అనడం తప్ప ఏమంటారు? అందుకే ఉత్తరాలు రాసుకుందాం.

పెళ్ళయిన రెండేళ్ళకి పెళ్ళాం రీసెర్చికని బయల్దేరితే మొగుడు స్టేషనుకొచ్చి సామాను ఎక్కించడం మన వీధిలో ఎవరూ చూసి ఉండరు. అత్తయ్య నాతో ఏమన్నారో తెలుసా? "వెళ్ళేదేదో వెళ్ళు, తొందరగా తెమల్చుకునిరా. అక్కడేమన్నా తిరునాళ్ళా?" అన్నారు. అంటూనే అరిసెల డబ్బా చేతిలో పెట్టారు.

"ఇంతకీ అక్కడ నువ్వు చేసే పనేంటి?" అని మీరు అడిగేసరికి రైలు కదిలింది. ఇప్పుడు చెబుతాను. మన ఒంట్లో కణాలు కూర్చున్నచోట ఊరికే కూర్చోవు. కిందున్నదాన్ని పట్టుకుని లాగుతుంటాయి. ఆ లాగడం కంటికి కనపడదు. కనపడేలా చేసి, ఎంత బలంతో లాగుతోందో కొలవడం మా పని. గాజుపలక మీద లేత ముంజెలా ఉండే జెల్ పొర పోస్తాం. అందులో దుమ్ముకన్నా సన్నటి పూసలు కలుపుతాం. మైక్రోస్కోపు కింద ప్రత్యేకమైన వెలుగు వేస్తే అవి ఎర్రగా మెరుస్తాయి. జెల్ మీద కణాన్ని కూర్చోబెడితే, అది లాగినప్పుడు పూసలు జరుగుతాయి. ఎటు జరిగాయో, ఎంత జరిగాయో చూసి బలం లెక్కకడతాం.

ఇంతే. దీనికోసం మిమ్మల్ని వదిలి వచ్చానా అని అప్పుడప్పుడూ నాకే అనిపిస్తుంది.

మీ
సబీహా


ఏలూరు,
25 జులై 2003

సబీహాకి,

నీ ఉత్తరం మగ్గం మీద కూర్చునే చదివాను. పెద్ద తివాచీ సగానికొచ్చింది. నా పక్కన ముడులు వేసే జగ్గారావు "అమ్మగారేం రాశారండీ?" అంటే ముంజె సంగతి చదివి వినిపించాను. కాసేపు ఆలోచించి "ముంజె మీద కూర్చుని లాగడమేంటండీ, జారిపడిపోదూ?" అన్నాడు. నాకూ అదే అనుమానం. కణానికి చేతులుంటాయా? ఉన్నాయే అనుకో, ఎందుకు లాగుతుంది? దానికేం కావాలి?

లాగడమంటే ఏమిటో నాకు తెలుసులే. పడుగు దారం బిగువుగా లేకపోతే ముడి నిలవదు. పొద్దున్నే మగ్గం ఎక్కగానే ముందు దారాల మీద అరచెయ్యి ఆనించి చూస్తాను. ఎక్కడ వదులైందో చేతికే తెలుస్తుంది. నీకు మైక్రోస్కోపు కావాల్సొచ్చింది, నాకు చెయ్యి చాలు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకు.

వానలు బాగా పడుతున్నాయి. ఉన్ని ఆరడం లేదు. అమ్మ కులాసా. నువ్వున్నప్పుడు నా దువ్వెన ఏనాడూ పెట్టినచోట ఉండేది కాదు. ఇప్పుడు రోజూ అక్కడే ఉంటోంది. అదే బాగాలేదు.

మొహిద్దీన్


బెంగుళూరు,
16 ఆగస్టు 2003

ఏవండీ,

దువ్వెన గురించి రాసిన వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను.

మీ ప్రశ్న మా మేడమ్‌కి చెప్పాను. "మీ ఆయన్ని కూడా చేర్చుకోవాల్సింది" అని నవ్వారు. చేతులంటూ లేవు. కణం లోపల సన్నటి పోగులు అటూ ఇటూ కట్టి ఉంటాయి. చివర్లు జెల్‌ని కరుచుకుంటాయి, పోగులు కుంచించుకుంటాయి. ఎందుకంటారా, ఒకటి చెబుతాను. మోకాలు దోక్కుపోతే పుండు రోజురోజుకీ చిన్నదై మూసుకుపోతుంది కదా. అంచుల్ని దగ్గరికి లాగేది చర్మం కింది ఈ కణాలే. లాగకపోతే ఏ గాయమూ మానదు. కొన్నిసార్లు మానాక కూడా ఆపకుండా లాగుతాయి. ఎందుకు ఆపవో ఎవరికీ సరిగ్గా తెలీదు. నా రీసెర్చి దాని మీదే.

ఇంకా ఒక్క కొలతా రాలేదు. మొన్న జెల్ చిరిగింది, నిన్న కణాలు చచ్చిపోయాయి. రంజాన్ పండగకి వస్తాను. ఇప్పటినుంచే రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

మీ
సబీహా


ఏలూరు,
24 సెప్టెంబర్ 2003

సబీహాకి,

అంతా కులాసా. పెన్ను బాగోలేదు, అక్షరాలు వంకరగా వస్తున్నాయి, ఏమీ అనుకోకు. పండగకి రావద్దు. సెలవులు దాచుకో. ఇక్కడ పని ఎక్కువగా ఉంది.

మొ.


బెంగుళూరు,
8 అక్టోబర్ 2003

ఏవండీ,

నెల దాటి ఎదురుచూస్తే నాలుగు ముక్కలు. అందులో ఒకటి రావద్దని.

పేరు కూడా పూర్తిగా రాయలేదు. నేనేం తప్పు చేశాను? ఇక్కడికి రావడమే తప్పయితే ఆ మాట స్టేషన్లోనే అనాల్సింది. అప్పుడు మీరే నవ్వుతూ పెట్టె ఎక్కించారు. ఆదివారం ఫోను చేస్తే "ఇప్పుడే బయటికెళ్ళారమ్మా" అంటారు రాజకుమారిగారు, వరసగా మూడు ఆదివారాలు. ఆవిడ వెనక మీ గొంతు నాకు వినపడిందండీ.

మొదటి కొలత వచ్చింది. ఎవరికి చెప్పుకోవాలో తెలీక మీకే రాస్తున్నాను. కణం కూర్చుని ఉన్నప్పుడు పూసలు ఫొటో తీశాం. కానీ ఆ ఒక్క ఫొటోతో ఏమీ తేలదు. అసలు ఏ పూస ఎక్కడ ఉండేదో తెలియాలి కదా. అందుకని ఒక ద్రావణం పోసి కణం పట్టు విడిపించేస్తాం. అది ఊడి తేలిపోతుంది. జెల్ సడలుతుంది, పూసలు వాటి చోటికి జరుగుతాయి. అప్పుడు రెండో ఫొటో. తేడా ఎంతో, లాగిన బలం అంత. కణం ఉన్నంతసేపూ అది ఎంత లాగుతోందో మాకు తెలియదు.

సబీహా


ఏలూరు,
29 అక్టోబర్ 2003

సబీహాకి,

నీ తప్పేమీ లేదు. మొదటి కొలత వచ్చిందన్నావు, ఆ మాట జగ్గారావుకీ అమ్మకీ చెప్పాను. అమ్మ వీధిలో సేమ్యా పంచింది. రోజా ఉపవాసాలు నడుస్తున్నాయి. పండగయ్యాక తీరిగ్గా రాస్తాను. రావద్దంటే కోపమనుకోకు.

మొహిద్దీన్


బెంగుళూరు,
6 డిసెంబర్ 2003

ఏవండీ,

పది రోజులు మీ పక్కనే ఉండి అనలేని మాటలు ఇప్పుడు రాస్తున్నాను. మీ ఎదురుగా ఉంటే ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

చెప్పకుండా వచ్చాను. పండగ ముందురోజు మధ్యాహ్నం ఆటో దిగి తలుపు కొడితే మీరే తీశారు. నన్ను చూసి మీ మొహం వెలిగింది, వెంటనే కుడిచెయ్యి వెనక్కి వెళ్ళింది. ఆ రెండూ ఒకేసారి చూశాను. "ఏంటండీ అది?" అంటే "ఏం లేదు, చిన్న దెబ్బ" అన్నారు. నేను లాక్కుని చూసేదాకా చూపించలేదు.

ఎలా జరిగిందో మీరు చెప్పలేదు, జగ్గారావు చెప్పాడు. సెప్టెంబర్ తొమ్మిదిన మరుగుతున్న రంగు కాగు కింద ఇటుక జారి కాగు ఒరిగిందట. లోపలున్న ఉన్ని అంతా నేలపాలవుతుందని మీరు ఒట్టి అరచెయ్యి అడ్డంపెట్టి నిలబెట్టారట. "వదిలెయ్యండి బాబూ అని అరిచానండీ, వదల్లేదండీ ఆయన" అని ఏడ్చాడు. కాలిన ఎరుపేదో రంగు ఎరుపేదో డాక్టరుకి కూడా మొదట తెలియలేదట.

పుండు మానిందని అందరూ సంతోషించారు. మానింది, నిజమే. మానుతూ మానుతూ మీ మూడు వేళ్ళని అరచేతిలోకి మడిచేసింది. మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు. మచ్చ తాడులా గట్టిపడింది. నేను విప్పబోతే మీరు పళ్ళు బిగబట్టుకున్నారు.

ఎక్కడో ఏలూరులో నా మొగుడి అరచేతిలో ఏం జరుగుతోందో, ఇక్కడ గాజుపలక మీద పూసల్లో నేను సరిగ్గా అదే చూస్తున్నాను. మీరు పెన్ను బాగోలేదని రాశారు. మొదటి వారంలో చెప్పి ఉంటే వేళ్ళు చాపి కట్టు కట్టించేదాన్ని. రోజూ సాగదీయించేదాన్ని. ప్రపంచంలో ఇంకెవరి పెళ్ళానికీ తెలియకపోయినా నాకు తెలుసండీ ఈ సంగతి! నాకే చెప్పలేదు మీరు.

రాజీనామా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం మేడమ్‌కి ఇస్తాను.

సబీహా


ఏలూరు,
18 డిసెంబర్ 2003

సబీహా,

ఈ ఉత్తరం ఎడమచేత్తో నాలుగు రోజులుగా రాస్తున్నాను. తొందరపడి అది మేడమ్‌గారికి ఇచ్చెయ్యలేదని నమ్ముతున్నాను.

ఎందుకు దాచానో చెబుతాను. కాలిన రోజు ఆస్పత్రి బల్ల మీద పడుకుని మొదట అనుకున్నది నొప్పి గురించి కాదు. ఈ కబురు వింటే నువ్వు అన్నీ వదిలేసి వచ్చేస్తావని భయపడ్డాను. తర్వాత, ఒకవేళ రాకపోతేనో అని భయపడ్డాను. మొదటి భయం అందరికీ చెప్పాను, అందుకే నీకు కబురు చెయ్యొద్దన్నానని. రెండో భయం ఇప్పుడే, నీకే చెబుతున్నాను. నువ్వు రాకపోతే ఆ తర్వాత నీ మొహం ఎలా చూడాలో నాకు తెలియదు. అడగకపోతే ఆ బాధ ఉండదు కదా. అంతే నా తెలివి.

వేళ్ళు మడుచుకుపోతాయని మాత్రం తెలియదు. పుండు మానుతోందనే అనుకున్నాను. ఒకరోజు పొద్దున పడుగు దారాల మీద చెయ్యి ఆనించబోతే అరచెయ్యి పరుచుకోలేదు. పిడికిలి ఆనింది. ఆ రోజు మగ్గం దిగిపోయాను.

పని మానొద్దు. నీ పని నాకు ఇప్పుడే అర్థమవుతోంది, అది ఏదో ముంజె సరదా కాదని. విజయవాడలో ఆపరేషన్ చేసి విప్పుతారట. తాడేపల్లిగూడెంలో కనకరత్నంగారని రిటైరైన నర్సమ్మ ఉన్నారు, కాలిన చేతులకి వ్యాయామం చేయించడంలో పేరున్న మనిషి. వెళ్ళి కలిశాను. చెయ్యి చూసి "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారండీ?" అని కేకలేశారు. నువ్వు వేసిన కేకలే.

మొహిద్దీన్


బెంగుళూరు,
10 జనవరి 2004

ఏవండీ,

రాజీనామా ఇవ్వలేదు. ఆదివారమే చింపేశాను. మీ ఉత్తరం రాకముందే చింపాను. ఆ సంగతి మీకు తెలియాలి.

మీరు రెండో భయం చెప్పారు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. చెప్పకపోతే నేనూ దాచినట్టే. పండగకి వచ్చినప్పుడు ఆఖరిరోజు మీరు "వెళ్ళు, నేను చూసుకుంటాను" అన్నారు. నేను వద్దని ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. కానీ ఆ మాట వినగానే గుండెలో ఏదో తేలికైంది కూడా. వెళ్ళొచ్చన్నమాట, అనుకున్నాను. మీ చెయ్యి అలా ఉండగా. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నేను అద్దంలో చూసుకోలేను.

ఇక అడగాల్సిన మాట. ఆపరేషన్‌లో మచ్చ కోసి తీసేస్తారు, పారేస్తారు. అందులో చిన్న ముక్క మాకు కావాలి. ఆ కణాల్ని పెంచి, అవి ఎందుకు ఆగకుండా లాగుతాయో చూడాలని. మేడమ్ కమిటీ అనుమతి తెప్పించారు, విజయవాడ డాక్టరుగారు ఒప్పుకున్నారు. మీకు ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే నాకు ఒక్క ముక్క కూడా సంజాయిషీ చెప్పక్కర్లేదు. పైన మాట చదివాక మీరేమన్నా సరే.

సబీహా


ఏలూరు,
23 జనవరి 2004

సబీహాకి,

నీకు తేలికైన సంగతి నాకు తెలుసు. ఆ రోజు ఆటోలోకి ఎక్కే ముందు చెప్పులు వేసుకున్నావు చూడూ, ఆ తొందరలోనే కనపడింది. నాకు బాధ కలగలేదని అబద్ధం రాయను. ఒక పూట అన్నం సయించలేదు. ఆ తర్వాత ఆలోచించాను. నువ్వొచ్చాక కూడా నేను మగ్గం వైపు చూసి, నా వేళ్ళు బాగుంటే ఇప్పుడు అక్కడ ఉండేవాడిని కదా అనుకున్నాను. నువ్వు పక్కన కూర్చుని ఉండగానే. పని మీద మనసుపడ్డవాళ్ళకి ఇది ఉంటుంది. మొహం అద్దంలో చూసుకో.

కాగితం మీద సంతకం పెట్టాను. అమ్మ విని "నా కొడుకు మాంసం ముక్క కోసుకుపోయి దాంతో ఏం చేస్తుందట?" అంది. పెంచుతుందట అన్నాను. "ఏం పెడుతుందో కనుక్కో" అంది.

మొహిద్దీన్


బెంగుళూరు,
4 ఏప్రిల్ 2004

ఏవండీ,

ఆపరేషన్ అయ్యాక మత్తులో మీరు నా చెయ్యి పట్టుకుని "కాగు వదిలేశాను" అన్నారు. గుర్తుందా? మిమ్మల్ని అత్తయ్యకి అప్పగించి ఆ సాయంత్రమే రైలెక్కాను. ఆ ముక్క చల్లటి ద్రావణంలో, థర్మాస్ ఫ్లాస్కులో, నా ఒళ్ళో. ఎదురుసీటు ఆవిడ "టీ ఉందామ్మా అందులో?" అని అడిగారు. లేదండీ అన్నాను. పట్టుకున్న తీరు చూసి ఆవిడ కాళ్ళు పక్కకి జరుపుకున్నారు.

మూడు వారాలు ఏమీ జరగలేదు. ముక్క పాడైపోయిందనుకున్నాను. ఒకరోజు పొద్దున చూస్తే దాని అంచుల్లోంచి సన్నగా పొడుగ్గా కణాలు బయటికి పాకాయి. మొదట నాలుగైదు, తర్వాత గుంపులు. మైక్రోస్కోపు మీద తల ఆనించి అలాగే ఉండిపోయాను.

ఇవి మీరండీ. అలా అనకూడదని నాకు తెలుసు. ఫారంలో పేరు రాయకూడదు, నంబరే రాయాలి. మీ నంబరు పదిహేడు. మీ ఒంటి వేడి ఎంతో ఆ పెట్టెలోనూ అంతే వేడి ఉంచుతాం. రోజు విడిచి రోజు ఆహారం మారుస్తాను. అత్తయ్యకి చెప్పండి, గులాబీరంగు నీళ్ళు పెడుతున్నానని. ఆదివారం ఎవరూ ల్యాబుకి రారు, నేను వస్తాను. పలక కింద పెట్టి చూస్తూ కూర్చుంటాను. నెమ్మదిగా కదులుతాయి, చూస్తుంటే తెలియదు. గంట తర్వాత చూస్తే ఇంకోచోట ఉంటాయి.

మీరు నాలుగువందల మైళ్ళ అవతల ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. నా బెంగ ఏమీ తగ్గలేదు. ఇంకా పెరిగింది. వాటికి నేనెవరో తెలియదు కదా.

మీ
సబీహా


కొల్లేటికోట,
9 మే 2004

సబీహాకి,

ఊరు చూసి ఆశ్చర్యపోకు. నా చిన్ననాటి స్నేహితుడు ఏసోబు ఇంట్లో ఉన్నాను, పది రోజులకని. అది కనకరత్నంగారి ఆజ్ఞ. ఏలూరులో ఉన్నప్పుడు వారానికి మూడుసార్లు ప్యాసింజర్‌లో తాడేపల్లిగూడెం ఆవిడ దగ్గరికి వెళ్తుంటాను. ఆవిడ జామెట్రీ బాక్సులోని కోణమానిని వేళ్ళకి ఆనించి ఎంత తెరుచుకున్నాయో నోటుబుక్కులో రాస్తారు. మీ ల్యాబు ఒకటే కాదు కొలిచేది. భీమడోలు దాటేదాకా ఒక వ్యాయామం, అక్కడినుంచి గూడెందాకా ఇంకోటి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు నేను గాలిలో ఎవర్నో పిలుస్తున్నాననుకుంటారు.

మొన్న ఆవిడ "బంతి నొక్కీ నొక్కీ విసుగొస్తోందండీ మీకు, నాకు తెలుస్తోంది. వేళ్ళకి ఇష్టమైన పని ఏదన్నా పెట్టండి" అన్నారు. మగ్గం ఎక్కడానికి ధైర్యం లేదు. ఏసోబుతో అంటే "మా వలలు చిరిగిపోయున్నాయి, వచ్చి ముడులెయ్యి" అన్నాడు. ఎండలకి కొల్లేరు దూరంగా జరిగిపోయింది. పడవలన్నీ బురదలో పడుకున్నాయి. మేం పాకలో కూర్చుని వలలు బాగుచేస్తున్నాం. నైలాను తాడు వేళ్ళని కోస్తుంది. మొదటి రోజు ఆరు ముడులు వేశాను. ఇవాళ నలభై. మధ్యవేలు పూర్తిగా చాపగలుగుతున్నాను. ఉంగరంవేలు కాస్త మొరాయిస్తోంది. చిటికెనవేలు మాట వినడం లేదు.

నీ పదిహేడో నంబరు మీద నాకు అసూయగా ఉంది. వాడికి రోజు విడిచి రోజు నువ్వు కనపడుతున్నావు. ఏసోబుకి చెబితే కడుపుబ్బ నవ్వాడు. నవ్వి, కాసేపటికి "మరి నీకు ఎన్నాళ్ళైంది చూసి?" అని అడిగాడు. అరవై ఎనిమిది రోజులన్నాను, లెక్కపెట్టకుండానే.

ఎంత బలంతో లాగుతున్నాయో కొలిచావా? నన్ను ఇంత తిప్పలుపెట్టినవి, ఎంతటివో తెలుసుకోవాలనుంది.

మొహిద్దీన్


బెంగుళూరు,
20 జూన్ 2004

ఏవండీ,

కొలిచాను. ఆలస్యం ఎందుకైందో చెబుతాను.

కొలవాలంటే పట్టు విడిపించాలని రాశాను కదా. వేరేవాళ్ళ కణాలతో ఎన్నోసార్లు చేశాను. మీవి పలక మీద పెట్టి, మొదటి ఫొటో తీసి, ద్రావణం చేత్తో పట్టుకుని నిలబడిపోయాను. మైక్రోస్కోపు గది చూసుకునే ఎజ్రాగారిది నర్సాపురం. "ఏవండీ, మీ టైము అయిపోతోందండీ. ఎవరివండీ ఈ కణాలు, అలా నిలబడిపోయారు?" అన్నారు. "పదిహేడు" అన్నాను. ఆ రోజు పలక తిరిగి పెట్టెలో పెట్టేశాను. అలా మూడుసార్లు.

నాలుగోసారి పోశాను. కణం ముందు చివర్లు ముడుచుకుంది, తర్వాత గుండ్రమైంది, తర్వాత ఊడి తేలింది. కంప్యూటర్ తెర మీద ఎర్రపూసలన్నీ మెల్లగా వెనక్కి జరిగాయి. అవి అంత దూరం జరగడం నేను ఎప్పుడూ చూడలేదు. మామూలు చర్మం కణాల కంటే మీవి మూడురెట్లు ఎక్కువ లాగాయి. అయినా ఒక్క కణం లాగేది ఆవగింజ బరువులో పదోవంతు కూడా ఉండదు. అలాంటివి లక్షలు చేరి, రాత్రీ పగలూ ఆపకుండా లాగితే మీ వేళ్ళు వంగాయి.

వాటిమీద కోపం రాలేదు నాకు. గాయం మూద్దామనే కదా అవి మొదలుపెట్టింది. ఎక్కడ ఆపాలో వాటికి ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చి మెట్లమీద కూర్చుని ఏడ్చాను. ఎజ్రాగారు టీ తెచ్చిపెట్టి వెళ్ళిపోయారు.

కణాలు ముసలివవుతున్నాయి. ఇదివరకటిలా పెరగడం లేదు. ఇంకో రెండు నెలలు వస్తాయేమో. సెప్టెంబర్‌దాకా నాకు సెలవు లేదు. ఎప్పుడు రమ్మంటారు?

మీ
సబీహా


ఏలూరు,
23 ఆగస్టు 2004

సబీహాకి,

మూడు సంగతులు. ముందు చెడ్డది, ఎందుకంటే ఇకమీదట దాచనని మాటిచ్చాను.

చిటికెనవేలు మళ్ళీ వంగుతోంది. కనకరత్నంగారు కొలిచి నోటుబుక్కు నాకు చూపించారు. జూన్‌లో ఉన్నదానికంటే పదిహేను డిగ్రీలు లోపలికొచ్చింది. నిద్రపోయేటప్పుడు కట్టు కట్టుకోవాల్సిందే, ఇంకా ఆగకపోతే ఇంకో ఆపరేషనట. మిగతా రెండు వేళ్ళు నిలబడ్డాయి. అవి ఇక వంగవన్నారు.

రెండోది, మగ్గం ఎక్కాను. సన్నపని నావల్ల కాదు, ఆ సంగతి ఒప్పుకున్నాను. ఒక వరస వెయ్యడానికి ఇదివరకటికి నాలుగింతలు పడుతోంది. నమూనా చూసి ఏ ముడికి ఏ రంగో చదివి చెప్పడం, రంగు కాయడం నావి. ముడులు జగ్గారావువి. సాయంత్రం అందరూ వెళ్ళాక ఒక్క వరస నేను వేసుకుంటాను. బాధగా ఉందా అంటే ఉంది. రోజూ ఉండదు.

మూడోది అమ్మ మాట. నిన్న నీ పాత ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అమ్మ బియ్యం ఏరుతూ చూస్తోంది. "ఏంట్రా అన్నిసార్లు చదువుతావు, అందులో ఏముంది?" అంది. ఎప్పుడొస్తుందో ఉందేమోనని అన్నాను. చేట కింద పెట్టేసింది. "నీకు కాలింది చెయ్యిరా, కాళ్ళు కాదు" అంది.

సబీహా, ఏడాదిగా మనం ఎన్ని ఉత్తరాలు రాసుకున్నాం! ఎప్పుడొస్తావని నేను, ఎప్పుడు రమ్మంటారని నువ్వు. నేనే రావచ్చని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు చూశావా? మగ్గం ఎక్కినవాడు ఊరు కదలడని నాకు నేనే అనుకున్నాను. నువ్వు కూడా ఒక్కసారైనా "మీరు రండి" అనలేదు. అంటే నేను రానంటానని భయపడ్డావేమో. అది నాకు బాగా తెలిసిన భయమే.

శుక్రవారం రైలుకి టికెట్ దొరికింది. వారం రోజులుంటాను. కణాల్ని చూపిస్తే చూస్తాను, కానీ నేను వస్తున్నది వాటికోసం కాదు. అమ్మ పెద్ద డబ్బా కడుతోంది. అందులో సగం ఎజ్రాగారికట, నీకు టీ ఇచ్చినందుకు.

ఈ ఉత్తరం ఇవాళే పోస్టు చేస్తున్నాను. ముందు ఇది అందితే స్టేషనుకి రా. ముందు నేనే చేరితే, ఇది వచ్చాక విప్పకు. ఇందులో ఉన్నదంతా నేను నీ ఎదురుగా కూర్చుని చెబుతాను.

నీ
మొహిద్దీన్